మొదటి ఏడాది కెమిస్ట్రీ గదిలో తప్పిపోతున్న డాక్టర్లు

1978లో అమెరికా వైద్య కళాశాలల్లో కొత్తగా చేరిన నల్లజాతి యువకులు 542 మంది. 2014లో చేరినవారు 515 మంది. దరఖాస్తు చేసుకున్నవారి సంఖ్య కూడా తగ్గింది: అప్పుడు 1,410, ఆ తర్వాత 1,337. ఈ 36 ఏళ్లలో అమెరికా జనాభా పెరిగింది. వైద్య కళాశాలలు పెరిగాయి, సీట్లు పెరిగాయి. నల్లజాతి కుటుంబాల్లో డిగ్రీ చదివినవారు పెరిగారు. నల్లజాతి ఆడపిల్లలు వైద్యవిద్యలో ముందుకు వచ్చారు. ఇవాళ నల్లజాతి వైద్య విద్యార్థుల్లో వారే ఎక్కువ. ఒక నల్లజాతీయుడు దేశాధ్యక్షుడు కూడా అయ్యాడు. యువకుల అంకె మాత్రం ఉన్నచోటు నుంచి పైకి కదలకపోగా కొంత కిందికి జారింది. ఈ లెక్కను 2015లో బయటపెట్టింది ఉద్యమకారులు కాదు, అమెరికా వైద్య కళాశాలల సంఘమే.

ఒక తరం గడిచినా ఎందుకు మారలేదన్న ప్రశ్నకు అక్కడ ఎక్కువగా వినిపించే సమాధానాలు అడ్మిషన్ల చుట్టూ తిరుగుతాయి. ఎవరికి సీటు ఇవ్వాలి, ఏ ప్రాతిపదికన ఇవ్వాలి, అది న్యాయమా కాదా అన్న వాదన సుప్రీంకోర్టు దాకా పలుమార్లు వెళ్లింది. ఆ వాదన ముఖ్యమైనదే. కానీ డాక్టరు కావాలని బయలుదేరిన నల్లజాతి పిల్లల్లో చాలామంది సీటు అడిగే దాకా రావడం లేదు. దారిలోనే ఆగిపోతున్నారు. ఎక్కడ ఆగిపోతున్నారో, ఎందుకు ఆగిపోతున్నారో కూడా తెలిసిన విషయమే. ఆపకుండా నడిపించిన చోట్లు కూడా ఉన్నాయి. వాటి గురించి మాట్లాడుకోవడం మాత్రం తక్కువ.

ముందుగా మాట అర్థం తేల్చుకోవాలి. తెలుగు పత్రికల్లో మైనారిటీ అంటే మతపరమైన మైనారిటీలే గుర్తుకొస్తారు. అమెరికాలో ఆ మాట జాతిని, వర్ణాన్ని సూచిస్తుంది. వైద్యరంగంలో దాని అర్థం ఇంకా ఇరుకైనది: దేశ జనాభాలో తమకున్న వాటా కంటే వైద్యవృత్తిలో తక్కువ వాటా ఉన్న సమూహాలు. నల్లజాతీయులు జనాభాలో 13 శాతం దాకా ఉంటే డాక్టర్లలో వారి వాటా 5, 6 శాతం మధ్య ఉంది. లాటిన్ అమెరికా మూలాలవారు జనాభాలో దాదాపు ఐదో వంతు. డాక్టర్లలో 6, 7 శాతం. ఆ నేల మూలవాసులు డాక్టర్లలో ఒక శాతం కూడా లేరు. ఆసియా మూలాలవారి సంగతి ఇందుకు పూర్తిగా తలకిందులు. జనాభాలో వారు 7 శాతం లోపు, డాక్టర్లలో దాదాపు ఐదో వంతు. అమెరికాలో స్థిరపడిన తెలుగు డాక్టర్ల కుటుంబాలు ఈ లెక్కలో ఆ వైపు ఉన్నాయి. అందువల్ల ఈ విషయాన్ని తెలుగు పాఠకులు బయటి నుంచి కాక, లోపలి నుంచే చూడవలసి ఉంటుంది.

ఈ తేడా దానంతట అది వచ్చింది కాదు. జేమ్స్ మెక్యూన్ స్మిత్ అనే నల్లజాతి యువకుడిని అమెరికా కళాశాలలు చేర్చుకోకపోతే, అతను సముద్రం దాటి స్కాట్లండ్‌లోని గ్లాస్గో విశ్వవిద్యాలయంలో చదివి 1837లో వైద్యపట్టా పుచ్చుకున్నాడు. అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం రద్దయ్యాక నల్లజాతివారి కోసం ప్రత్యేకంగా వైద్య కళాశాలలు పుట్టాయి. వాషింగ్టన్‌లో హోవర్డ్ 1868లో, నాష్‌విల్‌లో మెహారీ 1876లో మొదలయ్యాయి. 20వ శతాబ్దం మొదటికి అలాంటివి ఏడు నిలిచి ఉన్నాయి.

1910లో కార్నెగీ ఫౌండేషన్ తరఫున అబ్రహాం ఫ్లెక్స్‌నర్ ఒక నివేదిక రాశాడు. అమెరికా, కెనడాలలోని 155 వైద్య కళాశాలలను పరిశీలించి రాసిన నివేదిక అది. ఆధునిక వైద్యవిద్యకు పునాదిగా దాన్ని నేటికీ చెప్పుకుంటారు. ప్రయోగశాలలు లేని, రోగులే లేని, ఫీజుల కోసం నడిచే కళాశాలలను అది నిర్దాక్షిణ్యంగా ఎండగట్టింది. అందులో చాలా భాగం నిజమే. ఏడు నల్లజాతి కళాశాలల్లో రెండింటినే, అంటే హోవర్డ్, మెహారీలను నిలబెడితే చాలునని కూడా ఆ నివేదిక చెప్పింది. నల్లజాతి డాక్టరు పని ప్రధానంగా తన జాతివారికి పరిశుభ్రత నేర్పడమేనని, తెల్లవారికి అంటువ్యాధులు సోకకుండా ఉండాలన్నా అది అవసరమని ఫ్లెక్స్‌నర్ భావన. 1923 నాటికి మిగతా ఐదూ మూతపడ్డాయి.

ఈ చరిత్రను చెప్పేటప్పుడు తరచూ ఒక సమర్థన వినిపిస్తుంది: తెల్లవారి కళాశాలలు కూడా డజన్ల కొద్దీ మూతపడ్డాయి కదా, ప్రమాణాల విషయంలో పక్షపాతం ఎక్కడుంది అని. తెల్ల విద్యార్థికి ఒక కళాశాల మూతపడితే పక్క ఊళ్లో ఇంకొకటి ఉంది. నల్లజాతి విద్యార్థికి ఆ పక్క ఊరి కళాశాల తలుపు తెరవదు. దక్షిణాది రాష్ట్రాల్లో ఆ స్థితి దశాబ్దాల పాటు సాగింది. అర్కాన్సా విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో మొదటి నల్లజాతి విద్యార్థిగా ఈడిత్ అర్బీ అడుగుపెట్టింది 1948లో. ఒకే గొడ్డలి ఇద్దరి చెట్లూ నరికిందనుకున్నా, ఒకరికి తోట ఉంది, ఇంకొకరికి ఉన్నవి ఏడు చెట్లే.

ఆ ఐదు కళాశాలలు మూతపడకుండా కొనసాగి ఉంటే 2019 నాటికి ఎంతమంది డాక్టర్లను ఇచ్చి ఉండేవని 2020లో వచ్చిన ఒక పరిశోధన అంచనా కట్టింది. ఆ అంకె 35,315 దాకా వెళ్లింది. ఇది అంచనాయే, ఖాయమైన లెక్క కాదు. అయినా సగం తీసుకున్నా అది చిన్న నష్టం కాదు. ఒక డాక్టరు ఉన్న ఇంట్లో ఇంకో డాక్టరు పుట్టడం తేలిక. తెలుగు పట్టణాల్లో మూడు తరాల డాక్టర్ల కుటుంబాలను చూసినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు. ఆసుపత్రిలో ఎవరిని కలవాలి, ఏ పుస్తకం చదవాలి, ఏ పరీక్షకు ఎప్పుడు తయారు కావాలి అన్నవి అలాంటి ఇంట్లో భోజనాల దగ్గర మాటల్లోనే తెలిసిపోతాయి. నల్లజాతి సమాజం పోగొట్టుకున్నది డాక్టర్లను మాత్రమే కాదు, ఆ మాటలు నడిచే ఇళ్లను కూడా. డాక్టర్ల ప్రధాన సంఘమైన అమెరికన్ మెడికల్ అసోసియేషన్ నల్లజాతి డాక్టర్లను దూరం పెట్టినందుకు 2008లో క్షమాపణ చెప్పింది. ఆ దూరం వల్లనే నల్లజాతి డాక్టర్లు 1895లోనే వేరుగా నేషనల్ మెడికల్ అసోసియేషన్ పెట్టుకోవలసి వచ్చింది.

డాక్టరు ఏ జాతివాడైతే ఏమిటి, వైద్యం బాగా చేస్తే చాలదా అని అడిగేవారున్నారు. అడగవలసిన ప్రశ్నే. కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో 1,300 మంది దాకా నల్లజాతి పురుషులతో ఒక ప్రయోగం జరిగింది. వారిని ఎవరికి ఎవరన్నది లాటరీ పద్ధతిలో తేల్చి కొందరిని నల్లజాతి డాక్టర్ల దగ్గరికి, కొందరిని ఇతర డాక్టర్ల దగ్గరికి పంపారు. డాక్టరు ఫొటో మాత్రమే చూసినప్పుడు రెండు గుంపుల నిర్ణయాల్లో పెద్ద తేడా లేదు. ఎదురుగా కూర్చుని మాట్లాడాక తేడా వచ్చింది. నల్లజాతి డాక్టరుతో మాట్లాడినవారు మధుమేహం, కొలెస్టరాల్ పరీక్షలకు, ముఖ్యంగా సూది గుచ్చవలసిన వాటికి, ఎక్కువగా ఒప్పుకున్నారు. గుండె జబ్బుల మరణాల్లో నల్ల, తెల్ల పురుషుల మధ్య ఉన్న అంతరాన్ని ఈ ప్రభావం 19 శాతం దాకా తగ్గించగలదని పరిశోధకులు లెక్కగట్టారు. 1932 నుంచి 1972 వరకు టస్కేగీలో సిఫిలిస్ సోకిన నల్లజాతి పురుషులకు చికిత్స ఇవ్వకుండా ప్రభుత్వ వైద్యులే జబ్బు ముదరడాన్ని గమనిస్తూ కూర్చున్న దేశంలో, తెల్లకోటు మీద నమ్మకం అంత తేలికగా కుదరదు.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. నల్లజాతి శిశువులకు నల్లజాతి డాక్టర్లు వైద్యం చేస్తే మరణాలు బాగా తగ్గుతున్నాయని 2020లో ఒక అధ్యయనం చెప్పింది. అది కోర్టు పత్రాల దాకా ప్రస్తావనకు వచ్చింది. 2024లో ఇంకొకరు అదే లెక్కను మళ్లీ పరిశీలించి, అతి తక్కువ బరువుతో పుట్టిన శిశువులను విడిగా లెక్కలోకి తీసుకుంటే ఆ తేడా దాదాపు మాయమవుతోందని చూపారు. కారణం మంచిదైనంత మాత్రాన ప్రతి గణాంకమూ నిలబడదు. ఈ వాదనకు ఆ అధ్యయనం అవసరం కూడా లేదు. నల్లజాతి డాక్టర్లు నల్లజాతివారు ఎక్కువగా ఉన్న, డాక్టర్ల కొరత ఉన్న ప్రాంతాల్లో ఎక్కువగా పనిచేస్తున్నారని 1996లోనే కాలిఫోర్నియా లెక్కలు చూపాయి. మన జిల్లాల వంటి అమెరికా కౌంటీల్లో దాదాపు సగం చోట్ల ఒక్క నల్లజాతి ప్రాథమిక వైద్యుడు కూడా లేడు. ఉన్నచోట ఆ ప్రజల ఆయుర్దాయం కొంత ఎక్కువగా ఉందని 2023లో మరో పరిశోధన గమనించింది.

ఇక చదువు సంగతి. అమెరికాలో ఇంటర్ తర్వాత నేరుగా ఎంబీబీఎస్‌లో చేరే పద్ధతి సాధారణంగా లేదు. ముందు నాలుగేళ్ల డిగ్రీ చదవాలి. అందులో కెమిస్ట్రీ, బయాలజీ, ఫిజిక్స్ తప్పనిసరిగా మంచి గ్రేడులతో పూర్తి చేయాలి. తర్వాత ఎంక్యాట్ అనే ప్రవేశ పరీక్ష, వ్యాసాలు, సిఫారసు లేఖలు, ఇంటర్వ్యూలు. ఇవన్నీ దాటాక నాలుగేళ్ల వైద్యవిద్య, ఆపైన ఆసుపత్రిలో కనీసం మూడేళ్ల శిక్షణ, అంటే రెసిడెన్సీ. 18 ఏళ్లకు మొదలుపెట్టినవాడు స్వతంత్రంగా వైద్యం చేసేసరికి 30కి దగ్గర పడతాడు.

ఈ పొడవైన దారిలో పిల్లలు ఎక్కువగా రాలిపోయేది ఎక్కడ? స్టాన్‌ఫర్డ్‌లో డొనాల్డ్ బార్ అనే వైద్యుడు, ఆయన సహచరులు డిగ్రీ మొదటి ఏడాదిలో డాక్టరు కావాలని వచ్చిన విద్యార్థులను అనుసరించి చూశారు. నల్లజాతి, లాటినో విద్యార్థుల్లో, ఆడపిల్లల్లో ఆ కోరిక మిగతావారికంటే బాగా తగ్గిపోతోందని తేలింది. అందుకు విద్యార్థులు అన్నిటికంటే ఎక్కువగా చెప్పిన కారణం కెమిస్ట్రీ. రక్తం చూస్తే భయమని కాదు, చదువు ఖర్చు అని కాదు. మొదటి ఏడాది కెమిస్ట్రీ కోర్సు.

అమెరికా క్యాంపస్‌లలో ఇలాంటి కోర్సులకు ఒక పేరు ఉంది. తెలుగులో చెబితే కలుపుతీత కోర్సులు. 300 మంది కూర్చున్న హాలులో పాఠం వేగంగా సాగుతుంది. మొదటి పరీక్షలో సగం మందికి తక్కువ మార్కులు వస్తాయి. మిగిలినవారే సైన్సుకు తగినవారని అందరూ అనుకుంటారు. మంచి హైస్కూలులో అదే పాఠం ఒకసారి చదివి వచ్చినవాడికి అది పునశ్చరణ. ల్యాబు కూడా సరిగా లేని ప్రభుత్వ పాఠశాల నుంచి వచ్చినవాడికి అదే మొదటి పరిచయం. ఒకరు రెండోసారి రాస్తున్న పరీక్షను ఇంకొకరు మొదటిసారి రాసి, వచ్చిన మార్కును తన తెలివికి కొలతగా తీసుకుంటున్నారు. కలుపు పేరుతో పీకేస్తున్నది నారునే.

1970ల మధ్యలో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో యూరీ ట్రైస్‌మన్ అనే గణిత విద్యార్థికి ఇదే చిక్కు ఎదురైంది. బాగా చదువుకుని వచ్చిన నల్లజాతి పిల్లలు కూడా మొదటి కాలిక్యులస్ కోర్సులో తప్పుతున్నారు. ఎందుకని అధ్యాపకులను అడిగితే పట్టుదల లేదని, పునాది బాగాలేదని, ఇంట్లో చదువు వాతావరణం లేదని చెప్పారు. ఆయన ఆ మాటలు నమ్మకుండా పిల్లల వెంటే తిరిగి, గదుల్లో వాళ్లు ఎలా చదువుతున్నారో చూశాడు. ఇరవై మంది నల్లజాతి, ఇరవై మంది చైనా మూలాల విద్యార్థుల మధ్య ఆయనకు కనిపించిన పెద్ద తేడా తెలివిలో లేదు, పట్టుదలలో లేదు. చైనా పిల్లలు సాయంత్రం ఒకచోట చేరి లెక్కలు చేసేవారు, ఒకరి తప్పును ఇంకొకరు దిద్దేవారు, పాత ప్రశ్నపత్రాలు పంచుకునేవారు. నల్లజాతి పిల్లలు తలుపు వేసుకుని ఒంటరిగా, శ్రద్ధగా చదివేవారు. ఒంటరిగా చదివినందుకే ఇంతదాకా వచ్చామన్నది వారి అనుభవం. ఎక్కడ తప్పుతున్నారో పరీక్ష వచ్చేదాకా వారికి తెలిసేది కాదు.

తెలుగు విద్యార్థులకు కంబైన్డ్ స్టడీ అనే మాట కొత్త కాదు. పరీక్షల ముందు ఎవరి ఇంటి డాబా మీదనో, హాస్టల్ వరండాలోనో నలుగురు కూర్చుని చదవడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ట్రైస్‌మన్ చేసింది దాన్ని ఒక పద్ధతిగా మార్చడమే. కాకపోతే ఆయన ఒక మెలిక పెట్టాడు. వెనకబడినవారికి సులువైన పాఠాలు చెప్పే రెమెడియల్ తరగతి పెట్టలేదు. మామూలు కోర్సుకంటే కష్టమైన లెక్కలు ఇచ్చి, గుంపుగా చేయమన్నాడు. ఆ తరగతికి పిలుపు రావడం గౌరవంగా ఉండాలన్నది ఆయన పట్టుదల. ఫలితాలు మారాయి. జాలి చూపి పాఠాన్ని తేలిక చేసిన చోట పిల్లలు పైకి రారు. కష్టమైన పని అప్పగించి పక్కన నిలబడిన చోట వస్తారు.

దీన్నే ఒక విశ్వవిద్యాలయమంతా చేస్తే ఎలా ఉంటుందో చూడాలంటే న్యూ ఓర్లీన్స్‌లోని జేవియర్ విశ్వవిద్యాలయానికి వెళ్లాలి. కేథరిన్ డ్రెక్సెల్ అనే కేథలిక్ సన్యాసిని నల్లజాతి పిల్లల కోసం 1915లో పాఠశాలగా మొదలుపెట్టిన సంస్థ అది. 1925లో డిగ్రీ కళాశాల అయింది. విద్యార్థుల సంఖ్య కొన్ని వేలు మాత్రమే. పెద్ద నిధులు లేవు. వచ్చే పిల్లల్లో సగానికి పైగా పేద కుటుంబాలవారు. అయినా అమెరికాలో ఎక్కువమంది నల్లజాతి పట్టభద్రులను వైద్య కళాశాలలకు పంపే సంస్థల్లో 1990ల నుంచి అది మొదటి వరుసలో ఉంది. ఎన్నో ఏళ్లు మొదటి స్థానంలోనే ఉంది. హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్ వంటి సంపన్న విశ్వవిద్యాలయాలు దాని దరిదాపుల్లోకి రాలేదు. 2005లో కత్రినా తుఫానుకు క్యాంపస్ నీట మునిగితే, 2006 జనవరిలో తరగతులు మళ్లీ మొదలయ్యాయి.

అక్కడ కెమిస్ట్రీ అధ్యాపకుడు జె. డబ్ల్యూ. కార్మైకేల్, ఆయన సహచరులు చేసిన పని వినడానికి చాలా సాదాగా ఉంటుంది. మొదటి ఏడాది కోర్సును ఎవరు చెప్పినా ఒకే పాఠ్యక్రమం, ఒకే వరుస ఉండేలా చూశారు. ఏ వారం ఏది వచ్చి ఉండాలో రాసి, నమూనా లెక్కలతో సొంతంగా వర్క్‌బుక్‌లు తయారు చేశారు. తరచూ చిన్న పరీక్షలు పెట్టారు. పై తరగతి పిల్లలు కింది తరగతి పిల్లలకు చెప్పే ట్యూషన్ కేంద్రాలు తెరిచారు. మార్కులు తగ్గిన పిల్లవాడిని సెమిస్టరు ముగిసేదాకా వదిలేయకుండా ఆ వారమే పిలిచి అడిగారు. హైస్కూలు పిల్లలకు వేసవి శిబిరాలు పెట్టి లెక్కలు, బయాలజీ, కెమిస్ట్రీలతో పాటు తార్కికంగా ఆలోచించడం, ఇంగ్లీషు పదసంపద కూడా నేర్పారు. దరఖాస్తు సమయం వచ్చేసరికి ఏ పత్రం ఎప్పుడు పంపాలి, వ్యాసం ఎలా దిద్దుకోవాలి, సిఫారసు లేఖలు ఎవరు రాయాలి అన్నదంతా ఒకే కార్యాలయం చూసుకుంటుంది. డాక్టర్ల ఇంట్లో భోజనాల దగ్గర దొరికే సమాచారాన్ని ఆ కార్యాలయం అందరికీ పంచింది.

ఇందులో అద్భుతమేమీ లేదు. అందువల్లనే ఇది విలువైనది. రోజూ పరీక్షలు, వర్క్‌బుక్‌లు అనగానే తెలుగు రాష్ట్రాల్లోని కార్పొరేట్ ఇంటర్ కళాశాలలు గుర్తురావచ్చు. పైకి రెండూ ఒకలాగే కనిపిస్తాయి. ఉద్దేశం వేరు. మన దగ్గర వారాంతపు పరీక్ష చాలాచోట్ల పిల్లలను ర్యాంకులవారీగా వేరు చేసి, పై సెక్షనుకు మంచి అధ్యాపకుడిని, కింది సెక్షనుకు మిగిలినవారిని ఇవ్వడానికి పనికొస్తుంది. జేవియర్‌లో ఆ పరీక్ష ఎవరు వెనకబడ్డారో కనిపెట్టి, వారి దగ్గరికి వెళ్లడానికి. కొలత ఒకటే అయినా ఆ తర్వాత ఏం చేస్తారన్న దానిలోనే అంతా ఉంది. నార్మన్ ఫ్రాన్సిస్ 1968 నుంచి 2015 వరకు 47 ఏళ్లు ఆ సంస్థకు అధ్యక్షుడిగా ఉండటం కూడా చిన్న విషయం కాదు. పద్ధతి వేళ్లూనడానికి అంతకాలం ఒకే పట్టుదల తోడయింది. ఏడాదికో గ్రాంటు మారే చోట ఇది జరగదు.

దారి ఇంకా వెనక నుంచే వేసిన ప్రయత్నాలూ ఉన్నాయి. హ్యూస్టన్‌లో 1972లో బేలర్ వైద్య కళాశాల, నగర పాఠశాలల యంత్రాంగం కలిసి ఆరోగ్య వృత్తుల కోసమే ఒక ప్రభుత్వ హైస్కూలు పెట్టాయి. ప్రసిద్ధ గుండె శస్త్రచికిత్స నిపుణుడు మైకేల్ డిబేకీ పేరు దానికి తర్వాత పెట్టారు. మరుసటి ఏడాదే న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో సిటీ కాలేజీ ఇంటర్ పూర్తయిన పిల్లలను నేరుగా చేర్చుకుని డాక్టర్లను చేసే పథకం మొదలుపెట్టింది. 1973లోనే నార్త్ డకోటా విశ్వవిద్యాలయం మూలవాసీ విద్యార్థుల కోసం ఒక కార్యక్రమం పెట్టింది. ఇటీవలి దాంట్లో చెప్పుకోదగింది ఓక్లహోమాలోని టాలెక్వా. చెరొకీ జాతి రాజధాని అయిన ఆ చిన్న ఊళ్లో, వారి భాగస్వామ్యంతోనే 2020లో వైద్య కళాశాల తెరిచారు. 2024లో మొదటి బ్యాచ్ బయటికి వచ్చింది. చదువు ఊరికి వస్తే, చదివినవారు ఊళ్లో ఉండే అవకాశం పెరుగుతుంది.

నర్సులు, దంతవైద్యులు, ఫార్మసిస్టుల విషయంలో కూడా కథ ఇంతే. మాజీ ఆరోగ్యమంత్రి లూయీ సలివన్ అధ్యక్షతన 2004లో ఒక కమిషన్ ఇచ్చిన నివేదిక ప్రకారం, నల్లజాతి, లాటినో, మూలవాసీ ప్రజలు కలిసి జనాభాలో 25 శాతానికి పైగా ఉంటే, నర్సుల్లో 9 శాతం లోపు, డాక్టర్లలో 6 శాతం, దంతవైద్యుల్లో 5 శాతమే ఉన్నారు.

వైద్య కళాశాలల సంఘానికి ఈ విషయం తెలియక కాదు. 2000 సంవత్సరానికల్లా ఏటా ఈ సమూహాల నుంచి 3,000 మందిని చేర్చుకోవాలన్న లక్ష్యంతో 1991లో ఒక పెద్ద కార్యక్రమం చేపట్టింది. దాన్ని నడిపిన హెర్బర్ట్ నికెన్స్ అనే వైద్యుడు అడ్మిషన్ల కమిటీలతో ఆగకుండా, వైద్య కళాశాలలను చుట్టుపక్కల హైస్కూళ్లతో, డిగ్రీ కళాశాలలతో కలపాలని పట్టుబట్టాడు. మొదటి కొన్నేళ్లు సంఖ్య పెరిగింది. 1996లో టెక్సస్‌కు సంబంధించిన కోర్టు తీర్పు, కాలిఫోర్నియాలో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణ కలిసి జాతి ఆధారంగా అడ్మిషన్లలో ప్రాధాన్యం ఇవ్వడాన్ని ఆ పెద్ద రాష్ట్రాల్లో ఆపేశాయి. సంఖ్య తిరగబడింది. లక్ష్యం అందలేదు. హైస్కూలులో చేసిన పని ఫలించాలంటే పదేళ్లు పడుతుంది. ఆ పదేళ్లు పైన తలుపు తెరిచి ఉంచాలి. ఈ రెంటిలో ఒకటి చాలునని వాదించేవారు రెండు వైపులా ఉన్నారు. రెండు వాదనలూ సగం సగమే.

తలుపు గురించి మాట్లాడితే కాలిఫోర్నియాలోని డేవిస్‌ను వదిలి పోలేము. అక్కడి వైద్య కళాశాల 1968లో 50 మందితో మొదలైంది. ఆ మొదటి తరగతిలో ఒక్క నల్లజాతి విద్యార్థి లేడు, ఒక్క మెక్సికన్ అమెరికన్ లేడు. తర్వాత 100 సీట్లలో 16 వెనకబడిన సమూహాలకు కేటాయించారు. సీటు రాని ఆలన్ బేకీ అనే తెల్ల యువకుడు కోర్టుకు వెళ్లాడు. 1978లో సుప్రీంకోర్టు కచ్చితమైన సీట్ల కేటాయింపు చెల్లదని, జాతిని అనేక అంశాల్లో ఒకటిగా చూడవచ్చని చెప్పింది. ఆ తీర్పు గురించి రాసినవారు లెక్కలేనంతమంది. 1997లో అదే కళాశాల గురించి వచ్చిన ఒక పరిశీలనను తలచుకునేవారు తక్కువ. 20 ఏళ్ల బ్యాచ్‌లను తీసుకుని, ప్రత్యేక పరిగణనతో చేరినవారిని, మామూలుగా చేరినవారిని పోల్చి చూశారు. కోర్సు పూర్తి చేసినవారు మొదటి గుంపులో 94 శాతం, రెండో గుంపులో 98 శాతం. తర్వాత రెసిడెన్సీలో పనితీరు ఇంచుమించు ఒకేలా ఉంది. తక్కువ మార్కులతో చేరినవారు మంచి డాక్టర్లు కాలేరన్న భయానికి ఇంతకంటే సూటి సమాధానం దొరకడం కష్టం.

అదే డేవిస్ ఇటీవల ఇంకో దారి పట్టింది. జాతి అడగకుండా, విద్యార్థి ఎంత ఎదురీది వచ్చాడో కొలిచే 0 నుంచి 99 దాకా ఒక స్కోరు పెట్టుకుంది. తల్లిదండ్రుల చదువు, ఇంటి ఆదాయం, డాక్టర్లు లేని ప్రాంతంలో పెరగడం, చదువుతూనే ఇంటికి సంపాదించి పెట్టడం వంటివి అందులో లెక్కకు వస్తాయి. ఆ కళాశాల తరగతి గదులు ఇవాళ దేశంలోనే వైవిధ్యం ఎక్కువగా ఉన్నవాటిలో ఉన్నాయి. ఈ స్కోరు అవసరం ఎంతటిదో ఒక్క లెక్క చెబుతుంది: అమెరికా వైద్య విద్యార్థుల్లో నలుగురిలో దాదాపు ముగ్గురు ఆదాయంలో పైన ఉన్న 40 శాతం కుటుంబాల పిల్లలు. అట్టడుగు 20 శాతం కుటుంబాల నుంచి వచ్చేవారు 5 శాతం చుట్టుపక్కలే. సెలవుల్లో జీతం లేకుండా డాక్టరు వెంట ఆసుపత్రిలో తిరగడం దరఖాస్తుకు బలం ఇస్తుంది. సెలవుల్లో దుకాణంలో పనిచేసి అద్దె కట్టే పిల్లవాడికి ఆ బలం ఎక్కడి నుంచి వస్తుంది?

2023 జూన్ 29న సుప్రీంకోర్టు అడ్మిషన్లలో జాతిని పరిగణించడాన్ని దాదాపు పూర్తిగా ఆపేసింది. ఆ తర్వాత 2024లో చేరిన బ్యాచ్‌లో నల్లజాతి విద్యార్థులు 11.6 శాతం, లాటినో విద్యార్థులు 10.8 శాతం, మూలవాసీ విద్యార్థులు 22.1 శాతం తగ్గారు. తలుపు కాస్త మూసుకుంటే దారిలో ఉన్నవారికి ఏమవుతుందో ఒక్క ఏడాదిలోనే కనిపించింది.

మన దేశంలో రిజర్వేషన్లకు రాజ్యాంగ బలం ఉంది కాబట్టి ఈ వాదన ఇదే రూపంలో రాదు. దారిలో రాలిపోవడం మాత్రం ఇక్కడా ఉంది. తమిళనాడులో నీట్ వచ్చాక ప్రభుత్వ పాఠశాలల్లో చదివి ఎంబీబీఎస్ సీటు తెచ్చుకున్నవారు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే మిగిలారు. 2020లో వారికి 7.5 శాతం సీట్లు కేటాయిస్తూ చట్టం వచ్చాక మొదటి ఏడాదే వందల మంది చేరారు. అది తలుపు దగ్గర చేసిన పని. హైదరాబాద్ శివారు గౌలిదొడ్డిలో సాంఘిక సంక్షేమ గురుకులం చేసింది రెండో రకం పని. కూలికి వెళ్లే దళిత కుటుంబాల పిల్లలను చేర్చుకుని, హాస్టల్లో పెట్టి, ఎంట్రన్సులకు చదివించి వైద్య కళాశాలలకు పంపుతోంది. జేవియర్ వర్క్‌బుక్‌లు చూసినవారికి గౌలిదొడ్డి పరాయిగా అనిపించదు. రెండు చోట్లా ఇంకా బలపడవలసింది సీటు వచ్చాక ఏమవుతుందన్న పట్టింపు. తెలుగు మీడియంలో చదివి వచ్చిన అమ్మాయి మొదటి ఏడాది అనాటమీ హాలులో ఇంగ్లీషు పేర్ల మధ్య ఒంటరిగా కూర్చుంటే, బర్క్‌లీలో తలుపు వేసుకుని చదివిన పిల్లవాడికీ ఆమెకూ తేడా లేదు.

ఫ్లెక్స్‌నర్ నివేదిక తర్వాత మూతపడిన ఐదు కళాశాలల్లో ఒకటి న్యూ ఓర్లీన్స్‌లో ఉండేది. దాని పేరు ఫ్లింట్ మెడికల్ కాలేజీ, మూతపడింది 1911లో. దశాబ్దాలుగా తన పిల్లలను ఇతర వైద్య కళాశాలలకు పంపుతూ వచ్చిన జేవియర్, లూసియానాలోని పెద్ద ఆసుపత్రుల సంస్థ ఆక్స్‌నర్‌తో కలిసి అదే నగరంలో సొంత వైద్య కళాశాల పెట్టే సన్నాహాల్లో ఉంది. దాని పేరు 2024లో ప్రకటించారు. ఫ్లింట్ మూతపడి అప్పటికి 113 ఏళ్లు.